తాళం తిప్పిన చెయ్యి

పొద్దున్నే పొయ్యి మీద టీ మరుగుతోంది. కోడలు ఒక చేత్తో గిన్నె దించుతూ రెండో చేత్తో ఫోనులో ఆసుపత్రి నంబరు వెతుక్కుంటోంది. ఆవిడ నర్సు. కారేమో పెరట్లో పళ్ళ డాక్టరు ముందు కూర్చున్న మనిషిలా నోరు తెరుచుకుని పడి ఉంది.

"చెప్పేస్తున్నానత్తయ్యా, ఉద్యోగం మానేస్తున్నానని."

"కారు పోతే బస్సు లేదుటే? దానికే మానేస్తారా ఎవరైనా?" అంది అత్తగారు.

"కారు కోసం కాదు. మామయ్య చెయ్యెత్తింది ఆగమనో కానిమ్మనో తెలుసుకోలేకపోయాను. రేపు వార్డులో డాక్టరు చెయ్యెత్తితే? అక్కడుండేది ఇంజను కాదుగా, మనిషి."

గుమ్మంలో కూర్చున్న మామగారికి టీ పొలమారింది.

ఆయన ఒకప్పుడు లారీ తోలాడు. వీధంతా కోతల తాత అంటారు. వాన తరుముకొస్తుంటే ఒకసారి లారీ ఎంత జోరుగా తోలాడంటే, వెనక చక్రాలు తడిశాయట గానీ ముందు చక్రాల మీద చుక్క పడలేదట. అలాంటి మనిషికి కారు ఇంజన్లో పాతబడ్డ టైమింగ్ బెల్టు మార్చడం ఒక లెక్కా? "షెడ్డుకెందుకురా, ఇంట్లోనే మార్చి పారేస్తా. ఇంజన్ని చల్లబరిచే వాటర్ పంపుని తిప్పేదీ ఆ బెల్టే. ఎలాగూ విప్పుతాం, పనిలో పనిగా అదీ కొత్తది వేసేద్దాం" అని కొడుకుతో అన్నాడు. కొడుకు మిల్లులో షిఫ్టుకి పోయాడు. సాయానికి కోడలే మిగిలింది.

నిజం చెప్పాలంటే పని బాగానే సాగింది. ఇంజను నీళ్ళు బకెట్లోకి దించాడు. పాత పంపు పీకాడు, కొత్తది బిగించాడు. పళ్ళ చక్రాల మీద గుర్తుకి గుర్తు కలిపి బెల్టు ఎక్కించాడు. ఇక బెల్టుని బిగువుగా నొక్కి పట్టే టెన్షనర్ అని ఒకటుంటుంది. కొత్తది కదలకుండా సన్నటి పిన్ను గుచ్చి ఇస్తారు. బెల్టు ఎక్కించాక ఆ పిన్ను లాగేస్తేనే బెల్టు బిగుసుకుంటుంది. సరిగ్గా అప్పుడే పక్కింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. తాత వాన కథ అందుకున్నాడు. పిన్ను ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తాళం పెట్టే ముందు ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకోవాలి. "నా పనికి పరీక్షలేంటి?" అని అదీ ఎగ్గొట్టాడు. మూత బిగించి, కారులో కూర్చున్న కోడలికి కానిమ్మని చెయ్యెత్తాడు.

కోడలు తాళం తిప్పింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడు. వదులు బెల్టు పళ్ళు దాటేసింది, లోపల వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగిపోయాయి.

"ఆగమని చెయ్యెత్తితే తిప్పేశావేంటమ్మా!"

ఆ మాట ఆయన అనుకుని అనలేదు. నోరే ముందు పరిగెత్తింది. పాపం ఆ పిల్ల నమ్మింది. సాయంత్రానికి సెలూన్లో అదే కథకి తోకలూ కొమ్ములూ మొలిచాయి. "మా కోడలు తాళం తిప్పితే ఇంజను దవడ ఊడి ఒళ్ళో పడింది!" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాటి నుంచి "ఏం నర్సమ్మా, సూదైనా చూసి గుచ్చుతున్నావా?" అని దారిలో ఒకటే ఆటపట్టింపు. తర్వాత తాత ఒక్కడే మూత విప్పి చూస్తే, పిన్ను ఇంకా గుచ్చుకునే ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద దిగలేదు.

ఇప్పుడు కోడలి చెవి దగ్గర ఫోను మోగుతోంది.

"పెట్టెయ్యమ్మా! ఆ ఫోను పెట్టెయ్. నువ్వు సరిగ్గానే తిప్పావు."

"మామయ్యా?"

"కానిమ్మనే ఎత్తాను చెయ్యి. పిన్ను తియ్యడం నేనే మర్చిపోయాను. నువ్వు కాకుండా ఆ దేవుడే వచ్చి తాళం తిప్పినా ఇంజను పోయేదే."

అత్తగారు గరిటె కింద పడేసింది. "మీ కోతలు మండిపోనూ! నేనూ దాన్ని నానా మాటలూ అన్నానే! ఇన్నాళ్ళూ ఆ పిల్ల మొహం చూస్తూ అన్నం ఎలా తిన్నారండీ?"

"తినలేదే."

కోడలు అరవలేదు. అరిచినా బాగుండేది. "రాత్రుళ్ళు నా చెయ్యి నేనే చూసుకునేదాన్ని మామయ్యా. నాకు చెప్పారు, సరే. వాళ్ళందరికీ ఎవరు చెప్తారు?"

తాత చెప్పులు కూడా వేసుకోకుండా సెలూన్‌కి నడిచాడు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాడు.

"అబ్బో! కోడల్ని భలే వెనకేసుకొస్తున్నావే తాతా!" అని సెలూన్ యజమాని కత్తెర ఆడించాడు.

"ఒట్టు. తప్పు నాదే."

"నువ్వు ఒట్టేశావంటే కచ్చితంగా కోతే!" అన్నారు, గడ్డానికి నురుగు పూసుకున్నాయన. మళ్ళీ అందరూ నవ్వారు.

తాత బెంచీ మీద కూలబడ్డాడు. అబద్ధమైతే ఎన్ని రంగులైనా పూసేవాడు. నిజానికి ఏం పూయాలో తెలియలేదు. మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. పంపు వేశాను. బెల్టు ఎక్కించాను. పిన్ను తియ్యలేదు. చెయ్యెత్తాను. ఆ పిల్ల తిప్పింది. నేరం దాని మీద పెట్టాను. చెబుతుండగానే కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారాయి. తుడుచుకోలేదు.

కత్తెర ఆగింది. "నిజమేనా తాతా?"

"నిజమేరా. అందుకే ఇంత చప్పగా ఉంది."

ఎవరూ నవ్వలేదు. నురుగు పూసుకున్నాయన గుమ్మం వైపు చూసి తల దించుకున్నారు. "తప్పయిపోయిందమ్మా, నేనూ ఏదేదో వాగాను."

తాత వెనక్కి తిరిగాడు. గుమ్మంలో కోడలు. ఎప్పటి నుంచి నిలబడి ఉందో!

"ఆసుపత్రికి చెప్పేశావా అమ్మా?"

"చెప్పాను. రాత్రి డ్యూటీకి వస్తున్నానని." కళ్ళు ఒత్తుకుంది. "మీ మీద కోపం ఇంకా పోలేదు మామయ్యా. కొన్నాళ్ళు ఉంటుంది."

"ఉండనీ తల్లీ."

"లేవండి మరి. వాల్వులు విప్పాలి. ఈసారి ఇంజన్ని చేత్తో తిప్పేది నేను."

ఆమె చెయ్యి అందించింది. తాత ఆ చేతిని పట్టుకుని చూశాడు. తాళం తిప్పిన చెయ్యి అదే. దాని ఆసరాతోనే లేచాడు.