సముద్రంలోకే వెళ్ళిన అడుగులు

షుఐబా దాటి ఒడ్డునే దక్షిణంగా పోతే, కువైటీలు సెలవు రోజుల కోసం కట్టుకున్న ఇళ్ళు వరసగా వస్తాయి. షాలేలంటారు వాటిని. ఆ వరసలో ఆఖరి దానికి మాత్రం మంచి పేరు లేదు. దాని ముందు టైరు పంక్చరైనా సరే, డ్రైవర్లు పక్క షాలే దాకా ఈడ్చుకుపోయి అక్కడ మార్చుకుంటారు.

ఆ పేరు ఎలా వచ్చిందో మా సిద్ధయ్య చిన్నాయన చెప్పగా విన్నాను. ఫహాహీల్లో మా రూములో, శుక్రవారం కోడికూర తిన్నాక చెప్తాడు. కూరలో కారం తక్కువైన రోజు కథలో కాస్త ఎక్కువ వేస్తాడు. అందుకని నాలుగైదుసార్లు అడిగి, అడ్డం తగిలి, ఎన్నిసార్లు చెప్పినా మారనిదాన్నే ఇక్కడ రాస్తున్నాను.

తొంభైలో చిన్నాయన సల్వాలో ఒకరింట్లో డ్రైవరు. ఆ ఇంట్లో పనిమనిషి ఆనందమ్మ. నర్సాపురం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. ఆదివారం వస్తే పాటల పుస్తకం, మిగతా ఆరు రోజులూ చీపురు.

ఆ జూలైలో ఇంటి వాళ్ళంతా బ్రెజిల్‌కి బయల్దేరారు. ఎయిర్‌పోర్టు దారంతా వెనక సీట్లో మామా — ఇంటావిడని పనివాళ్ళు అలాగే పిలుస్తారు — బొమ్మల పుస్తకం ఒకటి తీసి పిల్లలకి చదివి వినిపించింది. ముందు సీట్లో ఆనందమ్మ మెడ వెనక్కి తిప్పి మరీ విన్నది.

వాళ్ళు పోయేది చిన్న పల్లెటూరట. సముద్రం, ఇసుక, అంతే. కార్లుండవు, గాడిద బండ్లే. అక్కడికి పోయినవాళ్ళు చేయవలసిన పనులంటూ పుస్తకంలో రాశారు. వల ఉయ్యాల కట్టుకుని పడుకోవాలి. కొబ్బరి నీళ్ళు తాగాలి. ఇసుక దిబ్బ ఎక్కి పొద్దు గుంకడం చూడాలి. కొబ్బరిపాలు పోసిన చేపల కూర తినాలి. తెప్ప మీద షికారు పోవాలి. ఇక ఆఖరిది... రాత్రిపూట తెల్లబట్టలు వేసుకుని, సముద్రంలో ఏడు అలలు దూకి, అలకొక కోరిక కోరుకోవాలి. దాని గురించి మామా ఇంకేదో కూడా చదివింది గానీ, అప్పుడే ఒక లారీ అడ్డం రావడంతో హారన్ మోతలో చిన్నాయనకి వినపడలేదు.

“పొద్దు గుంకేది సూసేదానికి ఇమానమెక్కి పోవల్నా?” అన్నాడు చిన్నాయన తెలుగులో, మెల్లగా.

“మావూళ్ళో ఇయ్యన్నీ ఊరికే చేత్తావండీ,” అంది ఆనందమ్మ ఇంకా మెల్లగా.

దిగేటప్పుడు మామా ఆ పుస్తకం ఆనందమ్మ ఒళ్ళో పడేసి పోయింది. తిరుగుదారిలో చిన్నాయన ఆనందమ్మని మామా చెల్లెలి ఇంట్లో దించాడు. నెల రోజులు అక్కడ పని చేయమని ఏర్పాటు.

నెల తిరక్కుండానే, ఆగస్టు రెండు తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చి పడింది.

మామా చెల్లెలి కుటుంబం రెండు కార్లలో సౌదీకి పారిపోయింది. ఆనందమ్మ కూడా వాళ్ళతోనే పోయి ఉంటుందని చిన్నాయన అనుకున్నాడు. మరోలా అనుకోవడానికి కారణం కూడా లేదు.

ఆరు వారాలు గడిచాయి. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. ఊళ్ళో భార్యకి తాను ఉన్నాడో పోయాడో తెలీదు. చివరికి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులో ఆయన పేరు పడింది. పొద్దున ఎనిమిదికి ఫహాహీల్లో ఎక్కాలి. చేతిలో పాస్‌పోర్టు ఉండాలి. లేకపోతే పేరు వరసలో అట్టడుక్కి పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

పాస్‌పోర్టు ఎక్కడుందో చిన్నాయనకి బాగా తెలుసు. సల్వా ఇంటికి రంగులు వేయిస్తూ, కఫీల్, అంటే ఇంటి యజమాని, పనివాళ్ళ పాస్‌పోర్టులున్న ఇనప పెట్టెని తన షాలేలో పెట్టి రమ్మన్నాడు. మోసుకుపోయి వంటింటి గూట్లో పెట్టింది ఈయనే.

ఆ షాలే... వరసలో ఆఖరిది.

మనిషిని తీసుకుపోగలిగినవాడు షావలి ఒక్కడే. రాయచోటి వాడు, సైన్యానికి మంచినీళ్ళు తోలే ట్యాంకరు డ్రైవరు. కర్ఫ్యూలో కూడా ఆ బండిని ఎవరూ ఆపరు. విషయం చెప్పగానే షావలి స్టీరింగ్ మీంచి చెయ్యి తీసేశాడు.

“ఆఖరి షాలేనా? వొద్దున్నా... ఆడ దినామూ రేత్రి ఆడోల్లు ఇంట్లోంచి సముద్రంలేకి నడిసిపోతారంట. పొయిన అడుగులుంటాయి. వొచ్చినవి ఉండవు.”

“ఎవురు సెప్పిరి?”

“కాపలా ఉండే సైనికులే. ఇద్దరని ఒకడంటాడు, ముగ్గురని ఇంకొకడంటాడు. ఆ పక్కకి పోయేదే మానేసినారు.”

చిన్నాయనకి వెంటనే అంకాలమ్మ గుర్తొచ్చింది. ఆనందమ్మకి ముందు ఆ ఇంట్లో పని చేసిన మనిషి. ఆయన చేరేనాటికే లేదు. నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ షాలే ముందే నీళ్ళలోకి దిగి మళ్ళీ రాలేదట. మనిషి దొరకలేదు. పోలీసులు వచ్చి చూసి, ఖలాస్ అని పోయారు.

“దెయ్యమైతే ఒక రేత్రి భయపడతా,” అన్నాడు చిన్నాయన. “బస్సు పోతే దినామూ భయపడల్ల. పోనీ బండి.”

షావలి ఆయన్ని షాలేల రోడ్డు మొదట్లో దించాడు. తెల్లవారుజాము ఫజర్ నమాజుకి ముందు ఇదే చోట మళ్ళీ ఎక్కించుకుంటానన్నాడు. దింపుతూ ఏదో దువా చదివి ఆయన మొహమ్మీద ఊదాడు. ఆ ఊదడంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయిందంటాడు చిన్నాయన.

వెన్నెల బాగా ఉంది. ఒక్క ఇంట్లోనూ దీపం లేదు. మలుపులో సైనికుల గుడారం ఉంది, ఎవరో దగ్గుతున్నారు. చిన్నాయన చెప్పులు చేత పట్టుకుని, వొంగి, గోడల నీడన నడిచాడు. ఒక షాలే... రెండోది... పదకొండోది...

ఆఖరిది వచ్చింది. పోటు తీసిన ఇసుక, పలక తుడిచినట్టు నున్నగా ఉంది. దాని మీద — అడుగులు.

ఇంటి గడప నుంచి నేరుగా నీళ్ళలోకి. పక్కపక్కనే రెండు వరసలు. తిరిగి వచ్చినవి లేవు.

చిన్నాయన వొంగి చూశాడు. ఒక వరస నిండు పాదాలు. రెండో వరస సన్నవి. సన్నవాటిలో ఎడమ కాలికి నాలుగే వేళ్ళు.

“అంత భయంలో వేళ్ళు లెక్కపెట్టావా చిన్నాయనా?” అని అడిగాను ఒకసారి.

“భయంలోనే రా లెక్కపెట్టేది,” అన్నాడు.

అంతలో... కిర్రు... కిర్రు... వరండాలో ఏదో ఊగుతోంది. రెండు స్తంభాల మధ్య వల ఉయ్యాల. అందులో ఎవరూ లేరు. గాలికే ఊగుతోందని తనకి తాను చెప్పుకున్నాడు. చెంప మీద గాలి తగలడం లేదని మాత్రం తెలుస్తూనే ఉంది.

గడప పక్కన బోర్లించిన పడవ ఉంటే దాని వెనక కూలబడ్డాడు. ఆంజనేయుణ్ణి తలుచుకుందామంటే, ఆ పేరు కూడా సగమే వచ్చింది నోటికి.

అప్పుడు నీళ్ళలోంచి లేచింది.

తెల్లటి పొడుగు గౌను. నడుం దాకా తడి జుట్టు. మొహం సముద్రం వైపే ఉంది... మనిషి మాత్రం ఇంటి వైపు వస్తోంది. మడమ ముందు, వేళ్ళు వెనక. మడమ, వేళ్ళు. వీపు తనకేసి పెట్టి, ఒక్కో అడుగూ... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

దెయ్యాలకి కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చింది. పారిపోదామని చూస్తే తన కాళ్ళు ఏ వైపు ఉన్నాయో కూడా తెలియలేదట ఆయనకి.

నాలుగడుగులు. మూడు. రెండు. ఆ తెల్లగౌను వచ్చి వచ్చి, పడవకి తగులుకుని, వెల్లకిలా చిన్నాయన ఒళ్ళో పడింది.

“యేసయ్యా...” అంది దెయ్యం, గుసగుసగా.

యేసయ్యని తలుచుకునే దెయ్యాన్ని చిన్నాయన ఎప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచాడు.

“ఆనందమ్మా?”

“సిద్ధయ్యన్నయ్యగారా? మీరేటండీ ఇక్కడా... నా పేణం పోయిందనుకున్నాను.”

“నాది పొయ్యి శానా సేపాయ. ముందు లెయ్ మే, కాలు ఇరుగుతాండాది.”

లోపలికి పోయి, తలుపు గడియ వేసి, దీపం లేకుండానే ఆమె జరిగింది చెప్పింది. గురువారం సెలవుకి అందరం షాలేకి వస్తాం, శుభ్రం చేసి పెట్టమని, మామా చెల్లెలు బుధవారం సాయంత్రం ఆనందమ్మని ఇక్కడ దింపించింది. మేం వచ్చేదాకా ఎవరికీ తలుపు తీయొద్దంది. తెల్లారి ఎవరూ రాలేదు. టాంకులొచ్చాయి. అప్పటి నుంచీ ఎవరికీ తలుపు తీయకుండానే ఉంది. గూట్లో బియ్యం ఉంది, చేపల డబ్బాలున్నాయి, పైన తొట్లో నీళ్ళున్నాయి. లేనిదల్లా మాట్లాడే మనిషి.

“నాలుగు రోజులకి గోడతో మాట్లాడేనండి. అయిదో రోజు గోడ బదులు చెప్పేసరికి, ఇలాగైతే లాభం లేదని మామా పుస్తకం తీశాను. ఆళ్ళక్కడ చేత్తన్నారు కదా, నేనిక్కడ చేద్దారని.”

పిల్లల వాలీబాల్ వల ఉయ్యాలైంది. డాబా మీద పడుకుని గోడ సందులోంచి చూస్తే అదే ఇసుక దిబ్బ. డబ్బా చేపలో కొబ్బరిపాల పొడి కలిపితే కూర. తెప్ప షికారు ఒక్కటే కుదరలేదని ఆమెకి బాధ. చీకటి పడ్డాక మామా తెల్లగౌను తొడుక్కుని ఏడు అలలు దూకి వస్తుంది.

“మీ దేవుడు ఒప్పుకుంటాడా?”

“పార్దన చేసుకునే దూకుతానండి.”

“మడి ఆ ఎనక్కి నడిసేదేంది?”

“దూకాక సముద్రానికి వీపు చూపకూడదంట కదండీ. కార్లో చదివారు కదా మామా, మీరు వినలేదా?”

లారీ హారన్ మోతలో పోయిన మాట అది. ఒడ్డు దాటితే తిరగొచ్చో లేదో తెలియక, ఆనందమ్మ గడప దాకా వెనక్కే నడిచేది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అడుగులన్నీ సముద్రం వైపే చూస్తాయి. పాపం, తుపాకులున్న వాళ్ళని ఆమె తెలియకుండానే భయపెట్టి పెట్టింది. చిన్నాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాడు.

“ఏడు కోరికలూ ఏం కోరుకుంటివి?”

ఆనందమ్మ నవ్వలేదు. “ఏడూ ఒకటేనండి. ఎవరో ఒకరు రావాలి, నన్ను ఇంటికి తీసుకెళ్ళాలి.”

చిన్నాయన లేచి వంటింట్లోకి పోయి గూట్లో తడిమాడు. ఇనప పెట్టె అక్కడే ఉంది, పైన బియ్యం డబ్బాతో. తన పాస్‌పోర్టు కింద ఉన్నదనే తెలియక ఆరు వారాలు దాని మీద బియ్యం కొలుచుకుంది ఆనందమ్మ.

పెట్టెలో పాస్‌పోర్టులు మూడున్నాయి. ఒకటి సిద్ధయ్యది. ఒకటి ఆనందమ్మది. మూడోది అంకాలమ్మది. అడిగి తీసుకునే వాళ్ళు లేక అలాగే ఉండిపోయింది.

“అది ఆడనే పెట్టు,” అన్నాడు చిన్నాయన. “సచ్చినోల్లది మనకేల?”

“తప్పండీ. ఆ పిల్లా ఇంటికెళ్ళాలనే అనుకునుంటది,” అని ఆనందమ్మ మూడోదాన్ని తన పాటల పుస్తకంలో పెట్టుకుంది.

ఫజర్‌కి ముందు బయటపడ్డారు. మలుపు దగ్గర టార్చి వెలుగొకటి వాళ్ళ మీద పడింది. ఆనందమ్మ ఇంకా ఆ తడి గౌనులోనే ఉంది. వెలుగు ఒక్క క్షణం అలా నిలబడి... ఆరిపోయింది. తర్వాత పరుగు చప్పుడు. కువైట్‌లో అంతకంటే గట్టి పర్మిట్ తనకి ఎవరూ ఇవ్వలేదంటాడు చిన్నాయన. షావలి కూడా బండిలోంచి దూకి పారిపోబోతే పట్టుకుని ఎక్కించారు.

బస్సు దొరికింది. ఆనందమ్మకి మెట్ల దగ్గర చోటు దొరికింది.

అయిదు రోజులకి జోర్డాన్ ఎడారిలో గుడారాల మధ్య దిగారు. ఊరికి విమానం ఎక్కించే ముందు, మన ఎంబసీ ఆయన ఒకడు బల్ల వేసుకుని పేర్లు రాసుకుంటున్నాడు. తెలుగాయనే. రెండు పాస్‌పోర్టులు చూసి పక్కన పెట్టి, మూడోది తెరిచాడు.

“ఈ మనిషేరి? ఆనవాలు చూసి రాసుకోవాలి. ఇదిగో... ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు.”

చిన్నాయనకి నాలుగు వేళ్ళ అడుగు కళ్ళ ముందుకొచ్చింది. దాని వెనకే ఇంకో సంగతి... తాను ఆ రెండు వరసలూ చూసేటప్పటికి ఆనందమ్మ ఇంకా నీళ్ళలోనే ఉంది. వెనక్కి నడిచి రావడం తర్వాతి మాట. అప్పటికి ఉండాల్సింది ఒక్క వరసే.

ఆ మాట ఆనందమ్మ చెవిలో చెప్పాడు. ఆమె పాటల పుస్తకం గుండెకి హత్తుకుంది.

“నేను దూకినప్పుడల్లా పక్కన ఇంకో చప్పుడయ్యేదండి, అన్నయ్యగారూ,” అంది నెమ్మదిగా. “అల అనుకునేదాన్ని.”

బల్ల దగ్గరాయన విసుక్కున్నాడు. “తొందరగా చెప్పండి. మొత్తం ఎంతమంది ఎక్కుతున్నారు?”

ఇద్దరమని చెప్పబోయాడు చిన్నాయన.

“ముగ్గురమండి,” అంది ఆనందమ్మ.

ఆయన తలెత్తకుండా మూడని రాసుకున్నాడు. బొంబాయి దాకా వాళ్ళ పక్క సీటు ఖాళీగానే వచ్చిందని చెప్తాడు చిన్నాయన. ఆ ‘ఖాళీగా’ అనే మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగి, మంచినీళ్ళు అడుగుతాడు.