గాజుగోళ్ల రాణికి గట్టి అట్ట

ఆ శనివారం నేను చేయాల్సిన పనులు ఇవి. జిగురు కాయడానికి మైదా తేవాలి. కోత మిషను కత్తి నూరడానికి ఇవ్వాలి. అమ్మ వారం నుంచి చెబుతున్న స్టవ్ బాగుచేయించాలి. లాయరుగారి లావుపాటి సంపుటాలు ఆయన ఇంటికి చేర్చాలి. మత్తు డాక్టరమ్మ వస్తే ఆవిడ బొమ్మల పుస్తకాలు అప్పగించాలి. ఆవిడ వెళ్లిపోయేలోగా, రసీదు గురించి కాకుండా, ఒక్క మాటైనా మనిషిలా మాట్లాడాలి.

అన్నిటికంటే కష్టమైనది ఆఖరిదే అనుకున్నాను.

మాది ఇంటి ముందుగదిలోనే పుస్తకాల బైండింగ్ షాపు. మా వంశంలో పుస్తకాలు కుట్టినవాళ్లున్నారు గానీ, చదివినవాణ్ని నేనే మొదలు. డిగ్రీ పూర్తయ్యాక నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అయినా సెలవు రోజుల్లో షాపులోనే ఉంటాను. నాన్న కుడతాడు, నేను జిగురు రాస్తాను.

పోయిన నెల ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు, ఆస్పత్రి ఆకుపచ్చ గుడ్డలో ఏదో చుట్టి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. విప్పితే పాత బొమ్మల పుస్తకాలు. ఒక అట్ట మీద ఒకావిడ వెండి కప్పులో విషం కలుపుతోంది. ఇంకోదాని మీద గాజుగోళ్ల రాణి, ఒక సేనాపతి గొంతు మీద గోళ్లు ఆనించి నవ్వుతోంది. మరోదాంట్లో ఒక గూఢచారిణి నల్ల గొడుగు చివర కత్తి మెరుస్తోంది.

"పిల్లల కోసమా అండీ?" అన్నాను.

"నాకే. ప్రమాదకరమైన ఆడవాళ్లున్న కామిక్స్ మాత్రమే సేకరిస్తాను. మంచివాళ్లున్నవి దొరికితే మా చెల్లెలికి ఇచ్చేస్తాను."

"మీరేం చేస్తుంటారు?"

"ఆపరేషన్లకు మత్తు ఇస్తుంటాను."

నాకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి పడింది. ఆవిడ అది చూసింది. చూసినట్టు నాకు తెలిసేలా చూసింది.

పని చిన్నదే. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తున్నాయి. అవి తీసేసి దారంతో కుడితే చాలు, ఇంకేమీ వద్దు అంది. నేను ఆ మాట పొల్లుపోకుండా నాన్నకు చెప్పాను.

అయితే నాన్నకు తన లెక్క ఒకటుంది. షాపుకొచ్చి 'కుడితే చాలు' అనేవాళ్లు, నిజానికి గట్టి అట్ట కావాలనుకుని మొహమాటపడేవాళ్లని ఆయన నమ్మకం. బడిపిల్లలు, గుమాస్తాలు, అందరూ అలా అన్నవాళ్లే. వాళ్లకు ఆయన అడక్కుండానే మంచి బైండు చేసి ఇస్తాడు. తీసుకునేటప్పుడు వాళ్ల మొహం చూడడం ఆయనకు కూలి కన్నా ఎక్కువ.

ఆ శనివారం నేను మైదా తెచ్చేసరికి ఆవిడ వచ్చేసింది. నాన్న తానే లోపల్నుంచి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను ఆఫీసులో ఉన్న రోజుల్లో ఎనిమిది కామిక్స్ ఒక్క సంపుటమైపోయాయి. గట్టి అట్ట, నీలం గుడ్డ, వీపు మీద బంగారు రంగు గీత. మూడు వైపులా అంచులు అద్దంలా కోసి ఉన్నాయి. పాత అట్టలు లేవు. చిరిగిన అట్టలు తీసి పారేయడం మా పనిలో మామూలే.

ఆవిడ పుస్తకం తెరిచింది. లోపలి బొమ్మల్లో గాజుగోళ్ల రాణి గోళ్ల కొసలు అంచుతో పాటు తెగిపోయి ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు నాన్న.

ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. "చాలా బాగుంది బాబాయ్‌గారూ" అంది. నవ్వింది కూడా.

ఆవిడ వెనకాలే నేనూ బయటికి వెళ్లాను. పక్క మందుల షాపు మెట్ల మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటోంది. కాలేజీ రోజుల నుంచి పాత పుస్తకాల దుకాణాలన్నీ గాలించి పోగుచేసినవట. అచ్చువేసిన కంపెనీ ఆవిడ పుట్టకముందే మూతపడిందట. అట్ట పోయి, అంచు కోసిన కామిక్, సేకరించేవాళ్ల దృష్టిలో ఉన్నా లేనట్టేనట.

"మరి లోపల ఒక్క మాట అనలేదేం?"

"ఆయన మొహం చూశారా మీరు? ఎలా అంటాను?"

"ఇంతమంది హంతకురాళ్లను పెంచుతున్నారు. ఒక ముసలాయన దగ్గర నోరు పెగల్లేదా?"

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకు. చిన్నప్పటి నుంచి అందరూ తనను మంచిపిల్ల మంచిపిల్ల అని చంపేశారట. ఎవరేమనుకుంటారో అని ఆలోచించకుండా ఆఖరి పేజీ దాకా వచ్చే ఆడవాళ్లు తనకు ఈ పుస్తకాల్లోనే దొరికారట. "నేను చేయలేనివన్నీ వీళ్లు చేస్తారు. అందుకే దాచుకుంటాను" అంది. నాన్నకు మాత్రం ఈ సంగతి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది పుస్తకాల బాధ ఒక్కటే కాదు. ఆవిడ మా నాన్నను బాబాయ్ అంది. ఆ వరసన నేను ఆవిడకు అన్నయ్యనవుతాను.

మర్నాడు, పారేసిన అట్టలైనా దొరుకుతాయేమోనని, ఇద్దరం చిత్తుకాగితాల గోడౌనుకు వెళ్లాం. మా షాపు కోత ముక్కల గోతాలు అక్కడికే చేరతాయి. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడక, దగ్గరగా కూర్చుని వెతకాల్సి వచ్చింది. ఆ వాన ఆగకూడదని నేను కోరుకున్న సంగతి ఆవిడకు చెప్పలేదు. గోతాం తర్వాత గోతాం బోర్లించాం. విషకప్పు అట్ట మొత్తంగా దొరికింది. నల్ల గొడుగు సగం దొరికింది. గాజుగోళ్ల రాణి దొరకలేదు.

"పారిపోయి ఉంటుంది" అన్నాను. "మామూలు మనిషా?"

"మీకు జోకులు కూడా వచ్చా?" అంది. "రసీదులే వచ్చనుకున్నాను."

ఆ తర్వాత ప్రతి ఆదివారం పాత పుస్తకాల వేట మా ఇద్దరిదీ అయింది. ఆఫీసులో పైపుల లెక్కలు చూసే నేను, ఏ కామిక్ ఏ ముద్రణదో అట్ట వెనక రంగు చూసి చెప్పే స్థితికి వచ్చాను. రద్దీలో నన్ను ముందు పంపి, బేరం మాత్రం తానే చేసేది. నా మొహం చూస్తే దుకాణదారు ధర పెంచుతాడట.

ఇంట్లో మాత్రం కష్టం పెరుగుతోంది. డాక్టరమ్మ తన ఇంట్లో ఉన్న మిగతా పుస్తకాలు బైండుకు ఎప్పుడు తెస్తుందని నాన్న రోజూ అడిగేవాడు. ఆవిడ కోసమని ఎర్ర గుడ్డ ప్రత్యేకంగా తెప్పించి, ఎవరికీ వాడకుండా పక్కన పెట్టాడు. డ్యూటీలు ఎక్కువట అన్నాను. ఊరెళ్లిందట అన్నాను. చివరికి ఒకరోజు అన్నం తింటూ, "నా పని నచ్చలేదేమోరా" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. నేను మంచినీళ్లు తాగాను.

ఆ ఆదివారమే ఆవిడను అడిగేశాను. బస్టాపులో, ఒకే గొడుగు కింద, నా ఎడమ భుజం పూర్తిగా తడుస్తుండగా. పెళ్లి చేసుకుందామా అన్నాను. అంతకంటే అందంగా చెప్పడం నాకు రాలేదు.

ఆవిడ గొడుగును నా ఎడమ భుజం వైపు జరిపింది. తర్వాత, "ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి" అంది.

"నేను మాట్లాడతాను."

"మీరు కాదు. నేను."

పెళ్లి మాటే అనుకుని నేను ఉప్పొంగిపోయాను. షాపులో అడుగుపెట్టేదాకా నాకు అనుమానమే రాలేదు. నాన్న ఆవిడను చూడగానే ఎర్ర గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. ఆవిడ నీలం బైండు సంచిలోంచి తీసి దానిమీద పెట్టింది. రెండు చేతులతో అదిమి పట్టుకుంది. రోజూ మనుషులను నిద్రపుచ్చి, మళ్లీ లేపే చేతులు అవి.

"మామయ్యగారూ, మీరు నా పుస్తకాలు పాడుచేశారు" అంది.

ఆ మాటలో మొదటి ముక్కకు నా గుండె ఎగిరింది. మిగతా ముక్కలకు కిందపడింది.

ఆవిడ ఆగలేదు. అట్టలెందుకు ముఖ్యమో, అంచులెందుకు కోయకూడదో అన్నీ చెప్పింది. మీ మొహం చూసి ఆ రోజు అబద్ధమాడానంది. అబద్ధం మోసుకుంటూ ఈ ఇంట్లోకి రావడం తనకు ఇష్టం లేదంది.

నాన్న పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో అంచు తడిమాడు. తెగిన గోళ్ల మీద వేలు ఆగింది.

"నీకు తెలుసా?" అన్నాడు నాతో.

"తెలుసు నాన్నా."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

నాన్న స్టూలు మీద కూర్చున్నాడు. "ఇన్నేళ్లలో వచ్చినవాళ్లంతా బాగుంది బాగుంది అనే తీసుకెళ్లారమ్మా. వాళ్లలో ఎంతమంది గుమ్మం దాటి ఏడ్చారో" అన్నాడు. అంతే. ఆవిడ వెళ్లి ఆయన పక్కనే గచ్చు మీద కూర్చుంది. ఓదార్చలేదు, వెనక్కి తగ్గలేదు, ఊరికే కూర్చుంది.

కొంతసేపటికి నాన్న ఒక పాత పత్రిక తెచ్చి, కోయకుండా, అట్ట తీయకుండా ఎలా కుట్టమంటావో చూపించమన్నాడు. ఆవిడ చూపించింది. ఆయన రెండుచోట్ల ఒప్పుకోలేదు. ఆవిడా ఒప్పుకోలేదు. కాసేపటికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. నేను అక్కడ ఉన్నానన్న సంగతే ఇద్దరికీ గుర్తులేదు.

"మామయ్యా అన్నావు ఇందాక" అన్నాడు నాన్న, దారం కొరుకుతూ. "ఆ సంగతి వీడు చెప్తాడా? అది కూడా నువ్వే చెప్తావా?"

"ఆయన చెప్పేసరికి పుస్తకాలన్నీ పాతబడిపోతాయి" అంది ఆవిడ.

"అయితే సరే. మా ఇంట్లో అందరం ఎదుటి మనిషి మొహం చూసి మాట మార్చేవాళ్లమే. ఒక ప్రమాదకరమైన మనిషి ఉండటం మంచిదే."

లోపలి గదిలోంచి అమ్మ, ఆ పిల్లను ముందు గచ్చు మీంచి లేపి కుర్చీ వేయమని నన్ను తిట్టింది. మా అమ్మ ఆశీర్వచనం అలాగే ఉంటుంది.

నాన్న ఇప్పుడు లేడు. పోయేదాకా కోత మిషను తిప్పేముందు ప్రతి మనిషినీ, కోయమంటారా అని రెండుసార్లు అడిగేవాడు. అంతకుముందు కోసినవి మాత్రం ఎక్కడెక్కడ ఉన్నాయో మాకు తెలియదు. మీ ఇంట్లో ఏ అటక మీదో అంచులు అద్దంలా కోసి, గట్టి అట్ట వేసిన పాత పుస్తకం కనబడితే, అది కుట్టిన మనిషిని ఒక్కసారి తలచుకోండి. ముఖచిత్రం పోయిందని కోపమొస్తే, కోపంగానే తలచుకోండి. మా ఆవిడ అలాగే తలచుకుంటుంది.