ఫిడాలియా పట్టుకోని పుంజు

మామ చంకలో ఎర్ర పుంజుని చూడగానే ఫిడాలియా రెండడుగులు వెనక్కేసింది!

షాన్‌బోర్ మామ వానలో తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాడు. సోహ్రా కొండల్లో వాన మొదలైందంటే ఎండ ఎలా ఉంటుందో పిల్లలకి బొమ్మ గీసి చూపించాల్సిందే. అలాంటి వానలో ఆయన మూడు ఊళ్లు తిరిగి ఈ పుంజుని పట్టుకొచ్చాడు.

"ఒక్క మచ్చ లేదు, చూడు! ఎల్లుండి పొద్దున్నే ఇంటి పూజ. మీ అమ్మ చేతులు వణుకుతున్నాయి. పోయినసారి పుంజు జారిపోయి అటకెక్కి కూచుంది. దాన్ని దింపేసరికి పైలోకం నుంచి వచ్చిన మన పెద్దలంతా విసుగొచ్చి వెనక్కెళ్లిపోయుంటారు. ఇకనుంచి పుంజుని పట్టుకునేది నువ్వు, వంశంలో అమ్మమ్మల పేర్లు పిలిచేది నువ్వు. ఖద్దూవి కదే!"

ఖద్దూ అంటే ఇంటి చిన్నకూతురు. ఖాసీ తెగలో ఇల్లు ఆమెదే, ఇంటి పూజా ఆమెదే. ఆ పూజ వదిలేస్తే ఇల్లూ వదిలేయాలి, అది అక్కకి పోతుంది.

"అలాగే మామా..." అంది ఫిడాలియా. లోపల మాత్రం... అయ్యో ప్రభువా... ఇప్పుడెలా!

రెండేళ్లుగా ఆమె యేసుప్రభువుని నమ్ముకుంది. ఇంట్లో ఎవరికీ తెలీదు. ప్రతి ఆదివారం వక్కలు కొనుక్కొస్తానని చెప్పి సిల్బీ టీచర్ ఇంట్లో జరిగే బైబిల్ క్లాసుకి వెళ్లేది. అనుమానం రాకుండా నిజంగానే కొనేది. ఆ రెండేళ్లలో ఆమె తెచ్చిన వక్కలు ఊరంతా ముప్ఫయ్యేళ్లు నమిలినా అయిపోవు.

సిల్బీ టీచర్ ప్రతివారం ఒకే ప్రశ్న అడిగేది. "ఈ వారం ప్రభువు గురించి ఎవరికి చెప్పావమ్మా?"

"మేకకి చెప్పాను టీచర్."

"మారుమనసు పొందిందా?"

"లేదు టీచర్. నా గొడుగు నమిలేసింది."

అందరూ నవ్వారు. సిల్బీ టీచర్ నవ్వలేదు. ఫిడాలియా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మంటే అంత భయమా ఫిడా?" అనడిగింది. అమ్మంటే భయం కాదు... చెప్పిన తర్వాత అమ్మ మొహం ఎలా మారుతుందో, అదీ భయం! నాన్న పోయిన ఏడాదే పోయాడు. అమ్మ ముసలి ప్రాణానికి మిగిలిన ఒకే ఒక్క ధైర్యం, నా తర్వాత నా బిడ్డ ఈ ఇంట్లో దీపం పెడుతుంది, నన్ను కాల్చాక ఎముకలు ఏరి వంశం రాతిగూట్లో పెడుతుంది అని. దాన్ని ఏ నోటితో పగలగొట్టను? ఎలా పగలగొట్టను?

ఎల్లుండి రానే వచ్చింది. మామ ముందు కూచున్నాడు. అక్క దయామోన్ కూడా వచ్చింది. అమ్మ గోడకి ఆనుకుని కూచుని కూతురి వంకే గర్వంగా చూస్తోంది. ఆ చూపే ఫిడాలియాని కోసేసింది!

"పుంజు పట్టుకో. పేర్లు పిలు" అన్నాడు మామ.

ఆమె పుంజుని తీసుకుంది. నోరు తెరిచింది. ఒక్క క్షణం అనిపించింది... పిలిచేస్తే ఏం పోతుంది? ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ పేర్లు అబద్ధపు నోటితో పిలవడానికి మనసు ఒప్పలేదు. చేతుల్లో పట్టు సడలిపోయింది.

"మామా... నేను పిలవలేను. నేను యేసుప్రభువుని నమ్ముకున్నాను!"

పుంజు ఎగిరి కిటికీలోంచి బయటికి దూకేసింది. ఆ ఇంట్లో ఆ క్షణాన సంతోషంగా ఉన్న ప్రాణి అదొక్కటే.

"ఎప్పట్నించి?" మామ గొంతు పిడుగులా పడింది.

"రెండేళ్లు..."

"రెండేళ్లా! అయితే ఆ వక్కలన్నీ...!"

"అవి నిజంగానే కొన్నాను మామా."

దయామోన్ బావురుమంది. "వద్దే ఫిడా! ఇల్లు కావాలని నేనే నిన్ను చెడగొట్టానంటారు ఊళ్లో! నాకు మొగుడున్నాడు, ఆరుగురు పిల్లలున్నారు, నాకెందుకే ఈ ఇల్లు!"

మామ గొంతు తగ్గించాడు. అది ఇంకా భయంగా ఉంది. "సరే, విను. ఆదివారం నువ్వెక్కడికెళ్తే మాకెందుకు? ఏడాదికోసారి పుంజు పట్టుకో. చాలు. ఇల్లు నీదే."

ఎంత సులువు! ఫిడాలియా తలెత్తి అమ్మ వంక చూసింది. అమ్మ పుంజు దూకిన కిటికీ వైపే చూస్తోంది.

"చేతులు ఇక్కడ పెట్టి మనసు అక్కడ పెడితే ఇద్దరికీ అబద్ధం చెప్పినట్టే కదా మామా... మన అమ్మమ్మలకి అబద్ధం చెప్పమంటావా?"

అమ్మ మెల్లగా లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది.

తిట్టినా బాగుండేది! కొట్టినా బాగుండేది! మర్నాడు ఫిడాలియా బట్టలు మూటగట్టుకుంటుంటే కూడా ఆ తలుపు తెరుచుకోలేదు. "అమ్మా... వెళ్తున్నానమ్మా..." అని తలుపుకి నుదురు ఆనించి ఏడ్చింది. లోపల్నించి ఒక్క దగ్గు వినపడింది, అంతే.

సిల్బీ టీచర్ ఇంటి వెనక రేకుల గది అద్దెకి దొరికింది. మూడో రోజు మధ్యాహ్నం ఫిడాలియా అన్నం వార్చుకుంటుంటే తలుపు దబదబా మోగింది. మామ తిట్టడానికొచ్చాడనుకుంటూనే తలుపు తీసింది.

మామే! నెత్తిమీద మంచం, నోట్లో గొణుగుడు. ముందు అమ్మ, చేతిలో దుప్పటి మూట.

"అమ్మా! ఇక్కడికెందుకొచ్చావ్?"

"పూజ వదిలేసిన చిన్నదానికి ఇల్లు లేదు. అది మన ఆచారం, అందుకే దయాకిచ్చేశా" అంది అమ్మ, దుప్పటి పరుస్తూ. "అమ్మ చిన్నకూతురి దగ్గరే ఉండాలి. అదీ మన ఆచారమే. ఒకటి నువ్వు తప్పావని రెండోది నేను తప్పాలా?"

"అమ్మా...!"

"ఏడవకు. నా ఎముకలు దయా ఏరుతుంది, మాట్లాడేశా. నేను మారను, అదీ ముందే చెప్తున్నా. అన్నం పెట్టు."

మామ మంచం దింపి, ఎవరి మొహమూ చూడకుండా కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఫిడాలియా అన్నం, ఎండుచేపల పచ్చడి వడ్డించింది. అలవాటుగా తల దించుకుని పెదాలు కదిపింది.

"ఏంటా గొణుగుడు?"

"ప్రార్థన... అమ్మా."

"ఇల్లొదులుకున్నది దేనికోసమో నేను వినొద్దా? పైకి చెయ్."

ఫిడాలియా చేతులు జోడించింది. అమ్మ ఎదురుగా! ఏ మాట తప్పు పోతుందో, ఏ మాటకి అమ్మ లేచి వెళ్లిపోతుందో... "ప్రభువా..." అంది.

"గట్టిగా. రేకుల మీద వాన."

"ప్రభువా! ఈ అన్నం ఇచ్చినందుకు... మా అమ్మని నా దగ్గరికి తెచ్చినందుకు..." ఎలాగో పూర్తిచేసి భయం భయంగా కళ్లు తెరిచింది. అమ్మ ముద్ద కలపలేదు. చెయ్యి పళ్లెం అంచు మీదే ఉంది.

"అయిందా?"

"అయిందమ్మా."

"దయా పేరు మర్చిపోయావ్. మళ్లీ చెయ్."