ఐదు మార్కుల గది

సైకాలజీ విభాగంలో కింది అంతస్తు చివరి గదికి ఈమధ్య మంచి పేరు లేదు. పరిశోధన పద్ధతుల పేపరు మూడుసార్లు తప్పిన ఒకావిడ, అక్కడి ఇనప బీరువాలోంచి ఇప్పటికీ తలుపు కొడుతుందట. చచ్చినా పాసవ్వలేదన్నమాట, పాపం!

ఇది మా క్లాసు ‘సగటు’ నాకు చెప్పిన సంగతి. సగటు ఎంతంటే మధ్యగతం చెప్పిందని ఆ పిల్లకి ఆ పేరు. మనుషుల మనసులు చదవొచ్చని చేరింది, తీరా చూస్తే అన్నీ లెక్కలే. ఆ పేపర్లోనే ఐదు మార్కులు తగ్గి, ఏడాది పోయేలా ఉంది.

అప్పుడు సీనియర్ అక్క పిలిచింది. "నా ప్రయోగానికి రా. ఆ గదిలో అరగంట ఒక్కదానివే కూర్చుంటే మీ పద్ధతుల పేపర్లో ఐదు మార్కులు కలుపుతారు. మధ్యలో లేచొస్తే సున్నా." తర్వాత గొంతు తగ్గించి బీరువా కథ చెప్పింది.

రాత్రి ఎనిమిది. ఒక కుర్చీ, ఒక లైటు... ఆ బీరువా.

ఇరవై నిమిషాలు ఏమీ లేదు.

టక్.

గాలి అనుకుంది. కిటికీలే లేవు.

టక్... టక్...

లేవబోయింది — ఏడాది గుర్తొచ్చి కుర్చీని గట్టిగా పట్టుకుంది. "అక్కయ్యగారూ," అని బీరువాతో గొణిగింది, "నాదీ అదే పేపరండీ. మనలో మనకెందుకు..."

అరగంటకి సీనియర్ తలుపు తీసి, ఆ గొణుగుడు బయటికి వినబడిందేమో, పగలబడి నవ్వింది. "దెయ్యం లేదు, పాడూ లేదే! ఆ కథ నేనే అల్లాను. చెబితే లేని చప్పుడు వినబడుతుందా అని చూశానంతే. చెప్పిన పదిమందిలో, నీతో కలిపి ఏడుగురు విన్నారు!"

సగటుకి ఒళ్ళు మండింది. కానీ ఆ ఏడాదంతా బుర్రకెక్కిన ముక్క ఒక్కటుంది, అదే అడిగేసింది. "మరి కథ చెప్పకుండా కూర్చోబెట్టినవాళ్ళు?"

"వాళ్ళూ పదిమంది. ఏం విన్నారో చీటీలు రాసి ఈ కవర్లో వేశారు. నేనింకా చూడలేదు." సీనియర్ ధీమాగా కవరు చింపింది.

మొదటి చీటీ — 'మూడుసార్లు తట్టారు.' రెండోది — 'మూడుసార్లు.' మూడోదీ అంతే... సీనియర్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

పది చీటీలూ అయిపోయాయి. కవర్లో ఇంకోటి మిగిలింది.

సీనియర్ కవరు కింద పెట్టేసింది. సగటే తీసి చదివింది.

'తట్టింది నేనే. నాకూ ఐదు మార్కులు వస్తాయా?'