రంగు మరకల నిచ్చెన

"దిగండి!"

నిచ్చెనెక్కి పాత సీలింగ్ ఫ్యాన్ దుమ్ము దులుపుతున్న అతను ఉలిక్కిపడి చూశాడు. గుమ్మంలో ఒకమ్మాయి. చేతిలో తడిసిన గొడుగు, కళ్ళలో నిప్పులు.

"ఫ్యాన్ కావాలాండీ?"

"నిచ్చెన కావాలి. అది మా నాన్నది."

అతను బుద్ధిగా దిగాడు.

ఆమె తండ్రి ముప్పై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసిన పెయింటర్. ఆ చుట్టుపక్కల సగం అక్షరాలు ఆయన చేతివే. ఆయన పోయి మూడు నెలలైంది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో డ్యూటీకి వెళ్ళిన పూట చూసి, అన్నయ్య ఆ నిచ్చెనను ఈ సెకండ్ హ్యాండ్ సామాన్ల కొట్టుకు ఇచ్చేశాడు.

"పట్టుకెళ్ళండి," అన్నాడతను.

పోట్లాటకని దారంతా పోగుచేసుకున్న మాటలు ఆమెకు పనికిరాకుండా పోయాయి. "ఊరికేనా?"

"నాన్నగారిదన్నారుగా."

తీరా నిచ్చెన మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది. తీసుకెళ్తే అన్నయ్య దాన్ని ఇంట్లో ఉండనివ్వడు.

"ఇక్కడే ఉంచండి. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాను."

"అప్పుడప్పుడూ అంటే?"

"రేపు."

ఆ రేపు కాస్తా రోజూ అయింది. కాళ్ళు విరిగిన కుర్చీలు, ఆగిపోయిన గడియారాలు, ఎవరివో పెళ్ళి ఫొటోల ఫ్రేములు. వాటి మధ్య నిలబడి నిచ్చెన మీది మరకలు తడుముతూ చెప్పేది: "ఈ నీలం మందుల షాపుది. ఈ ఎరుపు టైలరుది." అతను స్క్రూలు బిగిస్తూ వినేవాడు. "నిచ్చెన మేడమ్" అని పేరు కూడా పెట్టాడు.

"నాన్న నన్నొక్కసారీ ఎక్కనివ్వలేదు. కిందుండి రంగు డబ్బా పట్టుకోమనేవారు."

"డబ్బా నేను పట్టుకుంటా. మీరెక్కండి. మా కొట్టుకు బోర్డే లేదు."

నాలుగు మెట్లెక్కింది. రాసిన మొదటి అక్షరమే వంకర పోయింది.

"బావుంది," అన్నాడు.

"వంకరగా ఉంది."

"మా కొట్టులో వంకర లేనిదేముంది? నాతో సహా."

ఆమె పకపకా నవ్వింది. నాన్న పోయాక నవ్వడం అదే మొదలని నవ్వాక తెలిసి, ఏడ్చేసింది. అతను తలెత్తి చూడలేదు. ఏడుపు తీరేదాకా డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఒక సాయంత్రం వచ్చేసరికి నిచ్చెన లేదు, అతనూ లేడు. కొట్టు యజమాని, అతని మేనమామ, పేపర్లోంచి తలెత్తకుండా చెప్పాడు. "నిచ్చెనా? పొద్దున్నే పోయిందమ్మా."

ఆమె గిరుక్కున వెనుదిరిగింది. రోజూ నాన్న కబుర్లు చెప్పించుకుని, చివరికి అమ్మేశారన్నమాట!

పదకొండు రోజులు ముసురు పట్టింది. షాపుకొచ్చినవాళ్ళను గోడ మీది అక్షరాలు చదవమంటుంటే తన కళ్ళే మసకబారేవి. నిచ్చెన మీద బెంగ అనుకుంది. నాలుగో రోజుకల్లా ఆ బెంగకు ఒక గొంతు, ఒక నవ్వు, నూనె మసి అంటిన రెండు చేతులు వచ్చాయి. వెళ్ళి అడగొచ్చు. అడిగితే నిజంగానే "అమ్మేశాను" అంటాడేమోనని భయం.

పన్నెండో రోజు ఆదివారం. కింద వీధిలో గోల వినిపించి బాల్కనీలోకొచ్చింది. వానలో నిచ్చెన భుజాన వేసుకుని అతను! పక్కనే టైలరు గొడుగు పట్టుకుని, "ఈ ఇల్లే, ఈ ఇల్లే!" అంటున్నాడు.

ఒక్క పరుగున కిందికి దిగింది. "అమ్మేశారుగా!"

"ఎవరన్నారు? ఒక మెట్టు చిట్లింది, మీరు పడతారని వడ్రంగి దగ్గరికి తీసుకెళ్ళా. వారం తిప్పించాడు. మా మావయ్య ఏదీ సగం మించి చెప్పడు!"

"మరి ఇన్నాళ్ళూ..."

"మీ ఇల్లెక్కడో నాకేం తెలుసు? నంబరు అడుగుదామని రోజూ అనుకునేవాణ్ణి, నోరు పెగిలేది కాదు. మీరొస్తారని ఎదురుచూసి చూసి, పొద్దుట్నుంచీ దీన్ని మోసుకుంటూ కనపడ్డ షాపులన్నీ అడిగా, ఎవరిదో తెలుసా అని. మందుల షాపాయన మీ నాన్నగారిని తల్చుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఈయన ఏకంగా తోడొచ్చేశాడు."

ఇంతలో అన్నయ్య మెట్లు దిగి వచ్చాడు. "దాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చావయ్యా?" కోపంగా మొదలైన మాట మధ్యలోనే తడబడింది. చెయ్యి చాచి నీలం మరకను తాకాడు.

"ఇది గుమ్మంలో కనపడినప్పుడల్లా నాన్న ఇంట్లోనే ఉన్నాడనిపించేది, చిట్టీ. పిలవబోయేవాణ్ణి. తట్టుకోలేక ఇచ్చేశా."

నాన్న పోయినప్పటి నుంచీ అన్నయ్య కంట తడి చూడలేదామె. రాయి అనుకుంది. వెళ్ళి అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి అన్నయ్య ముఖం తుడుచుకున్నాడు. "ఇదివ్వడానికేనా ఇంత వానలో వచ్చావు?"

"కాదండీ." అతను ఆమెను చూశాడు. "ఈవిడ రాకపోతే కొట్టు తియ్యబుద్ధి కావడం లేదు. పొద్దున లేస్తూనే సాయంత్రం ఎప్పుడవుతుందా అనుకోవడం అలవాటైపోయింది. మళ్ళీ రమ్మని అడగడానికొచ్చా. కొట్టుకే కాదు... జీవితంలోకి కూడా."

టైలరు గొడుగు చాటున దగ్గాడు. అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమంటావే?"

ఆమె అతని తడిసిన చొక్కా వైపు చూసింది.

"ముందు లోపలికి రమ్మనన్నయ్యా. తడిసిపోతున్నాడు."

"'డా'?" అన్నాడు అన్నయ్య, తడి కళ్ళతోనే నవ్వుతూ.

ఆమె నాలుక కరుచుకుంది. కానీ మాట దిద్దుకోలేదు.