అద్దాల గదిలో ఊపిరి

మూతపడ్డ ఆ ఫొటో స్టూడియోలో అద్దాల గది మంచిది కాదని పేరు. ఆడవాళ్లు ఒంటరిగా ముస్తాబవుతుంటే… పక్కనే ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినబడేదట. ముప్పై ఏళ్ల కిందట ఒకావిడ సగం అల్లిన జడతో వీధిలోకి పరుగెత్తిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆవిడకు దెయ్యం పట్టిందన్నారు. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. మళ్లీ ఇంకో సంబంధం రాలేదు.

ఆవిడ అక్క కూతురు ఇప్పుడు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. రోజుకు రెండు వేల ఫొటోలు నొక్కి నొక్కి విసుగెత్తి, పాత ఫిల్ము కెమెరా ఒకటి కొనుక్కుంది. స్టూడియో ముసలాయన పోయాక ఆయన కొడుకు సామాన్లు అమ్మేస్తుంటే దొరికింది. లోపల సగం తీసిన రీలు ఉండిపోయింది.

"కడగడానికి మా డార్క్‌రూమే వాడుకోండి. అద్దాల గది పక్కనే," అని కొడుకు తాళంచెవి ఇచ్చాడు.

పొద్దుగూకాక వెళ్లింది. తలుపు తీయగానే కంపు… పులిసిన మందునీళ్లు, బొద్దింకలు, ఏనాటిదో చెమట. ముక్కుకు గుడ్డ కట్టుకుని, లైటు ఆర్పి, రీలును చేతులతో తడుముతూ డబ్బాలోని చక్రానికి ఎక్కించసాగింది.

అప్పుడు… మెడ మీద ఊపిరి.

చల్లగా, కుళ్లు వాసనతో. ఆగింది. మళ్లీ తగిలింది.

లైటు వేస్తే ఫిల్ము పోతుంది. "ఎవరు?" అంది గుసగుసగా. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది — జుట్టుకు ఏదో జిడ్డుగా అంటుకుంది. పళ్లు బిగబట్టి రీలంతా చుట్టి, మూత బిగించి, అప్పుడు లైటు వేసింది.

ఎవరూ లేరు. గోడ మీద మనిషి ఎత్తులో నల్లటి మరక. నుదురు ఆనించి ఆనించి పట్టిన జిడ్డు. దాని కింద రూపాయి బిళ్లంత కన్నం… గాలి అందులోంచే వస్తోంది. అందులో కన్ను పెట్టబుద్ధి కాలేదు. సెల్‌ఫోను లైటు దానికి ఎదురుగా నిలబెట్టి పక్క గదిలోకి వెళ్లి చూసింది. పెద్ద అద్దంలో ఒక్కచోట, వెనక పూసిన కళాయి గీకేసిన చోట, వెలుగు కనబడింది.

రీలు కడిగి దీపానికి ఎత్తి పట్టింది. నెగటివ్‌లో నల్లటి మొహాలు, తెల్లటి జుట్లు, గుండ్రటి చట్రంలో ఒక్కొక్కరూ. గుండీలు పెట్టుకుంటూ, మెడ తుడుచుకుంటూ… అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరికీ కెమెరా కనబడలేదు.

చివరి ఫొటోలో జడ సగం అల్లుకున్న పిన్ని. చెవి రిక్కించి వింటోంది. ఆ తర్వాత ఖాళీ.

చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా రోత వదల్లేదు. తిన్నగా పిన్ని ఇంటికెళ్లి ఫిల్ము చేతిలో పెట్టింది.

పిన్ని బల్బు కింద చాలాసేపు చూసింది.

"దెయ్యం కాదు పిన్నీ."

"ఏదో ఉందని నేనెప్పుడన్నానే? ఎవడో ఉన్నాడన్నాను. ఏదో ఉందని మా నాన్నకు చెప్పింది ఆ ముసలాడే. పెద్దమనిషి కదా, నమ్మారు."

ఫిల్మును మళ్లీ ఎత్తి ఒక్కో మొహం మీదా వేలు ఆనించింది.

"వీళ్లలో నలుగురు నాకు తెలుసు," అంది. "చెప్పులేసుకో. వెళ్దాం."