చాంద్‌మారి గుట్ట మీద గడ్డి

ఇంతకుముందు నేను ఏదీ రాయలేదు. ఐదో తరగతి కాడ బడి బందయింది. కిరాణా చిట్టీ తప్ప నా చెయ్యి వేరే రాత ఎరగదు. నలుగుర్ల నోరిప్పాలంటేనే నాకు చెమటలు పడతయి. అయినా మా పక్కింటి మొగులమ్మ సంగతి ఎవరన్న రాసిపెట్టాలె గదా అని కూసున్న. తప్పులుంటే సర్దుకొని చదువుకోండ్రి.

సంగారెడ్డి అవతల మా ఊరి పక్కన మిలిట్రీ జాగ ఉండేది. తుపాకులు, ఫిరంగులు కాల్చుడు నేర్చుకునే మైదానం. గుండ్లు పోయి తాకేటందుకు ఆ కొసకు పోసిన మట్టిగుట్టను చాంద్‌మారి అనేటోళ్లు. ముప్పై ఏండ్ల కింద మిలిట్రీ వెళ్లిపోయింది. జాగంత సర్కారు తుమ్మ మొలిచింది. ఇప్పుడు సర్కారు దాన్ని తీసుకొని జాతీయ స్మారకం చేసింది. నల్లరాతి గోడ, దాని మీద యుద్ధాలల్ల పోయిన సిపాయిల పేర్లు, బెంచీలు, టికెట్ కిటికీ, గుట్ట నిండ పరిచిన పచ్చగడ్డి.

మొగులమ్మ అక్కడ ఊడ్చే పనికి కుదిరింది. రేపు ప్రారంభం అనంగ, పని ఎక్కువున్నదని బిడ్డ అరుణను సుత తోలుకపోయింది. కొత్తగడ్డికి నీళ్లు పట్టే పని. నచ్చితే పిల్లను పక్కా చేస్తనని మేనేజర్ హరినాథ్ సారు అన్నడు. మొగులమ్మకు ఉన్నది ఆ ఒక్క పిల్లే.

"మొగులమ్మా, రేపు పెద్ద పెద్దోళ్లొస్తున్నారు. ఒక్క ఎండుటాకు కనబడినా నా ఉద్యోగం గోవిందా!" అన్నడు సారు.

"రందివడకుండ్రి సారూ, మీ నెత్తి లెక్క సాఫ్ చేస్తం," అన్నది అరుణ.

సారు బట్టతల తడుముకొని తనే ముందు నవ్విండు. మొగులమ్మకు మాత్రం సిగ్గుతోటి పానం పోయినంత పనయింది.

ఆయన పోయినంక అరుణ రాతిగోడను చూసుకుంట, "మనూరోళ్ల పేరు ఒక్కటి లేదేందమ్మా?" అని అడిగింది.

"మనోళ్లు యుద్ధానికి ఎప్పుడు పోయిన్రే? పని చూడు."

మొగులమ్మ బిడ్డకు చెప్పని మాట ఒకటున్నది. మిలిట్రీ ఉన్నప్పుడు ఊరంత ఆ మైదానంల కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి పటాన్‌చెరు తుక్కు దుకాణంల అమ్మేది. దానికొక పద్ధతి ఉండేది. సిపాయి ఒక పొడుగు సీటీ ఊదితే కాల్చుడు మొదలన్నట్టు. ఎక్కడోళ్లు అక్కడ బోర్ల పడుకోవాలె. రెండు చిన్న సీటీలు ఊదితే అయిపోయినట్టు. లేచి ఏరుకోవచ్చు. రెండోది వినబడేదాక మెడ సుత ఎత్తొద్దు. చిన్నపిల్లలకు నడక కంటె ముందు ఇదే నేర్పేటోళ్లు.

మొగులమ్మకు పద్నాలుగేండ్లప్పుడు ఆమె అక్క రాజవ్వ, అందరికంటె ముందుండాలని మొదటి చిన్న సీటీకే ఉరికింది. గుట్ట కాడ ఒక గుండు ఆలస్యంగ పేలింది. దొరికింది కొంగు ముక్క ఒక్కటే. మిలిట్రీకి తెలిస్తే దొంగతనం కేసు, ఊరికి ఏరుడు బంద్. అందుకే, "అత్తగారింటికి పోయింది" అని ఊరంత ఒక్క మాట మీద ఉన్నది. దినాలు చెయ్యలేదు. ఏడ్వనియ్యలేదు.

ప్రారంభానికి ముందు దినం, పొద్దు గుంకే యాళ్లకు కుర్చీల లారీ వచ్చిందని అందరు గేటు కాడికి పోయిన్రు. మొగులమ్మ రాతిబాట ఊడుస్తున్నది. అరుణ గుట్ట మీద పైపు పట్టుకొని నిలబడ్డది. రోజూ ఆ యాళ్లకు పటాన్‌చెరు ఫ్యాక్టరీల దిక్కు నుంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తది. ఆ దినం వచ్చింది, ఉన్నట్టుండి ఆగింది. దాని జాగల వేరే వాసన... దీపావళి తెల్లారి గల్లీలల్ల ఉండే కాలిన మందు వాసన.

కీచురాళ్లు బంద్ అయినయి.

పొడుగు సీటీ.

మొగులమ్మ ఏమనుకోకముందే ఆమె ఒళ్లు బోర్ల పడ్డది. చెంప తడిరాతికి తాకింది. వాచ్‌మన్ యాదన్న ఊదిండేమో అనుకున్నది.

"యాదన్నా... నువ్వేనా?" అన్నది గుసగుసగ.

తుపాకీ చప్పుడు లేదు. పైపుల నీళ్ల చప్పుడు ఒక్కటే.

తర్వాత ఒక చిన్న సీటీ.

రెండోది రాలేదు.

గుట్ట మీద అరుణ పైపు కింద పడేసింది. చున్నీని నడుముకు చుట్టి ఒడి చేసింది. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి వంగింది. గడ్డిలకెల్లి రెండు వేళ్లతోటి ఏదో తీసింది... మట్టి దులిపింది... ఒడిల వేసుకున్నది. ఇంకొకటి. ఇంకొకటి.

ఆ ఏరుడు ఆ పిల్లకు ఎవ్వరూ నేర్పలేదు.

"అరుణా... రా బిడ్డా... రెండోది కాలే..."

రాతి మీదికెల్లి చెంప లేపకుండనే అన్నది. లేద్దామనుకున్నది. చేతులు లేవలేదు, కాళ్లు లేవలేదు. చిన్నప్పుడు నేర్చిన ఒళ్లు రెండో సీటీ కోసం ఎదురుచూస్తనే ఉన్నది. కండ్లు మాత్రం తెరిచే ఉన్నయి. బిడ్డ వంగి వంగి గుట్ట పైకి ఎక్కింది. ఆ కొస దిగింది. కనబడలేదు.

ఎంతసేపో.

"ఏమ్మా, కళ్లు తిరిగాయా?" హరినాథ్ సారు సెల్ లైటు మొఖం మీద కొట్టిండు. అప్పుడు కదిలినయి కాళ్లు. పడుకుంట లేసుకుంట గుట్ట కాడికి ఉరికింది. అరుణ అవతలి దిక్కు నుంచి మెల్లగ నడిచొచ్చింది. ఒడి ఖాళీ.

"ఏం ఏరినవే?"

"ఏం ఏరలే."

ఇంటికి పోయినంక అన్నం తిని, గోడ దిక్కు మొఖం పెట్టి పడుకున్నది. నిద్రల సుత ఆ పిల్ల రెండు వేళ్లు చాప మీద కదులుతనే ఉన్నయి.

తెల్లారి మొగులమ్మ బిడ్డను లేపలేదు. బయట తాళం పెట్టింది. ఇగ మా పిల్ల పనికి రాదు సారూ అని చెప్పేసి రావాలని జల్దీ జల్దీ పోయింది. గేటుకు పూలు కట్టిన్రు. బ్యాండోళ్లు దిగుతున్నరు.

ఆమె నోరిప్పకముందే సారు నవ్వుకుంట ఎదురొచ్చిండు.

"నువ్వు లేటు గానీ, మీ అమ్మాయి చూడు, వెలుగు రాకముందే వచ్చేసింది. పిలిచినా తలెత్తట్లేదు, అంత పని పిచ్చి. పక్కా చేసేస్తాలే!"

గుట్ట మీద అరుణ పసుపుపచ్చ డ్రెస్సు. ఇటు వీపు చేసి, వంగి ఉన్నది.

తాళంచెవి మొగులమ్మ పిడికిట్లనే ఉన్నది. పిలుద్దామని నోరు తెరిచింది. ఆ పిల్ల ఇటు తిరిగితే, ఇంట్ల తాళం పెట్టి వచ్చింది ఎవరిని?

నోరు మూసుకున్నది. చీపురు తీసుకొని, గుట్టకు వీపు చేసి, గేటు దిక్కు నుంచి ఊడ్చుడు మొదలుపెట్టింది.